ఫైలు వచ్చింది, అక్షరం రాలేదు

పాత లాప్‌టాప్ నుంచి కొత్తదానికి ఫైళ్ళు ఎక్కించడం ఇప్పుడు మనకి ఓ పూట పని. ఒకప్పుడు అదో యజ్ఞం. 1987 నాటి 1.44 ఎంబీ ఫ్లాపీలో మామూలు ఎంపీత్రీ పాట ఒక్కటి కూడా పట్టదు. 1980లలోనే లాప్‌లింక్ రెండు మెషీన్లనీ కేబుల్‌తో కలిపింది. 2000లో 8 ఎంబీ యూఎస్‌బీ డ్రైవులొచ్చాయి. 2001లో ఎక్స్‌పీ అయితే ఈ పనికి ఏకంగా ఓ విజార్డే ఇచ్చింది.

ఇవన్నీ మోసింది బైట్లని మాత్రమే. మన తెలుగువాళ్ళ చిక్కు వేరు. అను లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల కోడ్లకే తెలుగు బొమ్మలు తగిలించేవారు. ఫైలు భద్రంగా చేరినా, కొత్త మెషీన్లో ఆ ఫాంటు లేకపోతే తెరమీద అంతా గజిబిజే!

యూనికోడ్ 1991లోనే 'క'కి 3093 అని సొంత నంబరిచ్చింది. విండోస్‌లో తెలుగు ఎక్స్‌పీతో వచ్చింది. కానీ అప్పటికే టైపు చేసినవి వాటంతటవే మారిపోవు కదా?

నాన్నగారి ఉత్తరాలో, అమ్మమ్మ చెప్పిన కథలో అలాంటి ఫాంట్లలో ఉంటే, ముందు పాతదాంట్లోనే తెరిచి పీడీఎఫ్ చేసుకోండి. ఆ ఫాంటు ఫైలునీ వెంట తెచ్చుకోండి. తీరిగ్గా యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. పాత లాప్‌టాప్‌ని ఎవరికైనా ఇచ్చేయడం ఆ తర్వాతే.