బ్రూటస్ స్నేహితులు

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు కమిటీ మిత్రులు నా నుంచి వంతెనల గురించో, ప్రాజెక్టుల గురించో ఆశించి ఉంటారు. ఉద్యోగం ఇంజనీరింగే గానీ, తీరిక దొరికితే నేను చదివేది చరిత్ర. ఆ అలవాటు మన బడిలోనే మొదలైంది. పాఠం త్వరగా అయిపోయిన రోజున ఇంగ్లీషు మాస్టారు షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ కథ చెప్పేవారు. సీజర్ శవం పక్కన ఆంటోనీ ఉపన్యాసం వచ్చేసరికి క్లాసంతా నిశ్శబ్దం. మాలో చాలామందికి ఆ కథ అక్కడితోనే ముగిసిపోయింది. నాటకంలో ఇంకా రెండు అంకాలు మిగిలి ఉన్నాయి. చివరి అంకంలో లుసిలియస్ అనే మనిషి చేసిన పని గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది.

ముందు బ్రూటస్ సంగతి. క్రీ.పూ. 48లో ఫార్సలస్ యుద్ధంలో అతను సీజర్‌కు ఎదురు నిలిచి పాంపీ పక్షాన చేరాడు. ఆ పాంపీ తన తండ్రిని చంపించినవాడు. అయినా న్యాయం అటువైపే ఉందనుకున్నాడు. పాంపీ ఓడిపోయాక సీజర్ బ్రూటస్‌ను క్షమించాడు, దగ్గరకు తీశాడు, గవర్నర్‌ను చేశాడు, తర్వాత రోమ్ నగరంలోనే పెద్ద పదవి ఇచ్చాడు. క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్ ఒంటి మీద పడిన 23 కత్తిపోట్లలో బ్రూటస్‌ది కూడా ఉంది. సీజర్ అప్పటికే జీవితకాలపు నియంత. రోమ్‌కు రాజు ఉండకూడదన్నది బ్రూటస్ సిద్ధాంతం.

మనకు ఇక్కడ కర్ణుడు గుర్తుకు రాక తప్పదు. తన పక్షం తప్పని తెలిసీ కర్ణుడు మిత్రుణ్ణి వదల్లేదు. మిత్రుడు తప్పుదారి పట్టాడనుకున్న బ్రూటస్ కత్తి దూశాడు. మన మనసు కర్ణుడి వైపే మొగ్గుతుంది. అయితే దేశం సంగతి వచ్చినప్పుడు అది సరైన కొలతేనా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

షేక్‌స్పియర్ బ్రూటస్‌ను దాదాపు మచ్చలేని మనిషిగా చూపించాడు. చరిత్రలో అతను అంత తెల్లగా లేడు. సిసిరో ఉత్తరాలు చూస్తే, సైప్రస్‌లోని సలామిస్ నగరానికి అతను తన మనుషుల పేర్ల మీద ఏడాదికి నూటికి 48 వడ్డీకి అప్పిచ్చాడు. మన ఊళ్ళ లెక్కలో నాలుగు రూపాయల వడ్డీ! వసూలుకు వెళ్ళినవాళ్ళు గుర్రపు దళంతో అక్కడి సభా భవనాన్ని చుట్టుముడితే, లోపల ఐదుగురు సభ్యులు తిండిలేక చనిపోయారు.

అలాంటి మనిషి కోసం కూడా ప్రాణమివ్వడానికి సిద్ధపడ్డవాళ్ళున్నారు.

క్రీ.పూ. 42 అక్టోబరులో, ఇప్పటి ఉత్తర గ్రీస్‌లోని ఫిలిప్పీ దగ్గర, బ్రూటస్, కాసియస్ ఒకవైపు, ఆంటోనీ, ఆక్టేవియన్ మరోవైపు తలపడ్డారు. మూడు వారాల తేడాతో జరిగిన రెండు యుద్ధాలను షేక్‌స్పియర్ ఒకే రోజులోకి కుదించాడు. మొదటి యుద్ధంలో బ్రూటస్ నిజానికి గెలిచాడు, ఆక్టేవియన్ శిబిరం అతని సైనికులకు చిక్కింది. అవతలి కొసన కాసియస్ శిబిరాన్ని ఆంటోనీ పట్టుకున్నాడు. దుమ్ములో ఏమీ కనిపించక, దూరాన వస్తున్న గుర్రపు దళం ఎవరిదో చూసి రమ్మని కాసియస్ మిత్రుడు టిటినియస్‌ను పంపాడు. వచ్చింది బ్రూటస్ మనుషులే. సంతోషంతో టిటినియస్‌ను చుట్టుముట్టి కేకలు పెట్టారు. చూపు సరిగా ఆనని కాసియస్, శత్రువుకు మిత్రుణ్ణి అప్పగించానే అని కుమిలిపోయి, సేవకుడు పిండారస్ చేత తనను పొడిపించుకున్నాడు. శుభవార్తతో తిరిగొచ్చిన టిటినియస్ శవాన్ని చూసి, ఆలస్యం చేసినందుకు తనను తానే నిందించుకుని ప్రాణం తీసుకున్నాడు. కబురు సరిగా అందకపోతే ఏమవుతుందో సైట్ల మీద పనిచేసిన మాకు కొంత తెలుసు. ఇంత మూల్యం మాత్రం ఎవరూ చెల్లించకూడదు.

రెండో యుద్ధంలో బ్రూటస్ ఓడిపోయాడు. పారిపోతుండగా శత్రువు రౌతులు వెంటపడ్డారు. అప్పుడు లుసిలియస్ కావాలనే వెనకబడి, బ్రూటస్‌ను నేనేనని వాళ్ళకు లొంగిపోయాడు. ఆక్టేవియన్ దగ్గరకు వద్దు, ఆంటోనీ దగ్గరకు తీసుకెళ్ళమన్నాడు. ఆ మాటతో వాళ్ళకు నమ్మకం కుదిరింది. ఆంటోనీ ఎదురొచ్చేసరికి నిజం చెప్పేశాడు. బ్రూటస్ ఏ శత్రువుకీ ప్రాణాలతో చిక్కడనీ, మోసం చేసినందుకు తాను ఏ శిక్షకైనా సిద్ధమనీ అన్నాడు. మోసపోయిన రౌతులు తలలు దించుకుంటే ఆంటోనీ వాళ్ళను ఓదార్చాడు. మీరు వెతికిన దానికంటే మంచి వేటే దొరికింది, శత్రువు కోసం వెళ్ళి స్నేహితుణ్ణి తెచ్చారు అన్నాడట. లుసిలియస్‌ను కౌగిలించుకున్నాడు.

ఈలోగా చీకట్లో ఒక రాతి పక్కన కూర్చున్న బ్రూటస్, కత్తి పట్టుకోమని మిత్రులను ఒక్కొక్కరినే అడిగాడు. ఎవరికీ చేతులు రాలేదు. చివరికి స్ట్రాటో ఒప్పుకున్నాడు. అంతకుముందు బ్రూటస్ అన్నది ప్లూటార్క్ రాశాడు: తన స్నేహితుల్లో ఒక్కరూ తనకు ద్రోహం చేయలేదు, అది చాలునని. స్నేహితుణ్ణి పొడిచిన మనిషి నోట ఈ మాట! బ్రూటస్ దీన్ని గర్వంతోనే అన్నాడో, సీజర్ గుర్తొచ్చే అన్నాడో, ఎన్నిసార్లు చదివినా నాకు తేలలేదు. శవం మీద ఆంటోనీ తన ఖరీదైన ఎర్ర వస్త్రం కప్పించి, అస్థికలను బ్రూటస్ తల్లి సెర్విలియాకు పంపించాడు.

నాటకం అక్కడితో అయిపోయింది. మనుషుల బతుకులు ఇంకా సాగాయి. మెస్సాలా అనే మిత్రుడు స్ట్రాటోను ఆక్టేవియన్ దగ్గరకు తీసుకెళ్ళి, నా బ్రూటస్‌కు చివరి సేవ చేసినవాడు ఇతనే అని కన్నీళ్ళతో పరిచయం చేశాడు. స్ట్రాటో క్రీ.పూ. 31లో ఆక్టియం నౌకాయుద్ధంలో ఆక్టేవియన్ పక్షాన పోరాడాడు. లుసిలియస్ ఆంటోనీని విడిచిపెట్టలేదు. ఆక్టియంలో సర్వం పోగొట్టుకున్న ఆంటోనీ లిబియా తీరంలో ఒంటరిగా తిరుగుతున్నప్పుడు వెంట మిగిలింది ఇద్దరే. ఒకరు అరిస్టోక్రటిస్ అనే గ్రీకు వక్త, రెండోవాడు లుసిలియస్. అక్కడ నమ్మి ఉంచిన సైన్యం కూడా ఎదురు తిరిగిందని తెలిసి ఆంటోనీ తనను తాను చంపుకోబోతే, ఆ ఇద్దరూ పట్టి ఆపి, అలెగ్జాండ్రియాకు తీసుకెళ్ళారు.