ఈథరు పోయినది, సమీకరణము నిలిచినది

విజ్ఞానశాస్త్ర చరిత్రను తిరుగవేసి చూచినచో కూలిపోయిన సిద్ధాంతములే మనకు ఎక్కువగా కన్పించును. నేటి సిద్ధాంతములకు మాత్రము ఆ గతి పట్టదని నమ్ముట ఎట్లు? ప్రకృతిని గూర్చి మనకు నిజముగా తెలిసినదేమైనా ఉన్నదా?

ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెనెల్ సంగతి చూతము. కాంతి ఒక తరంగమనియు, విశ్వమంతట నిండిన ఈథరు అను పదార్థములో అది ప్రయాణించుననియు ఆయన భావించినాడు. పారిస్ అకాడమీ పోటీకి 1818లో ఆయన వ్యాసము పంపగా, తీర్పరులలో ఒకడైన పువాసాన్‌కు కాంతి కణములనెడి వాదముపైననే మక్కువ. ఫ్రెనెల్ మాటయే నిజమైనచో గుండ్రని బిళ్ల నీడకు సరిగా నడుమ వెలుగుచుక్క ఉండవలెనని ఆయన లెక్కగట్టి, ఆక్షేపణగా చూపినాడు. అరాగో ప్రయోగము చేసి చూచినాడు. చుక్క ఉన్నది! బహుమానము ఫ్రెనెల్‌కు దక్కినది.

గాజుపై పడిన కాంతిలో ఎంత వెనుకకు మరలును, ఎంత లోనికి పోవును అను లెక్కకు పిమ్మట ఆయన సమీకరణములు కూర్చినాడు. నిట్టనిలువుగా పడినచో మామూలు గాజు ముఖమునుండి మరలునది నూటికి సుమారు 4 పాళ్లే.

1865లో మాక్స్‌వెల్ కాంతిని విద్యుదయస్కాంత తరంగమన్నాడు. 1887లో మైకెల్సన్, మార్లేల ప్రయోగమునకు ఈథరు జాడ చిక్కలేదు. 1905లో ఐన్‌స్టైన్ దానితో పనియే లేదన్నాడు. అయినను మాక్స్‌వెల్ సిద్ధాంతమునుండి ఫ్రెనెల్ సమీకరణములే తిరిగి వెలువడినవి. కెమెరా కటకములకు పూత పూయువారికి నేటికిని అవియే ఆధారము.

వస్తువులను గూర్చిన ఊహలు మారినను వాని నడుమ సంబంధములు నిలుచునని 1902లో పాంకారే వ్రాసినాడు. 1989లో జాన్ వొరాల్ ఈ భావమునకే నిర్మాణ వాస్తవవాదముగా మరల ప్రాణము పోసినాడు.

అయితే ఫ్రెనెల్ కథ మరీ అనుకూలమైనదని మేము భావింతుము. న్యూటన్ గురుత్వ సూత్రము ఇట్లు యథాతథముగా నిలువలేదు. ఐన్‌స్టైన్ 1915 నాటి సమీకరణములలో అది ఉజ్జాయింపుగా మాత్రమే మిగిలినది. ఇంతకంటె గట్టి ఆక్షేపణ గణితవేత్త న్యూమన్‌ది. సంబంధముల ఆకారమొక్కటే తెలియునన్నచో, వస్తువులెన్ని ఉన్నవో తప్ప మరేమియు తెలియనట్లేనని 1928లో ఆయన రసెల్‌ను నిలదీసినాడు. రసెల్ ఒప్పుకొనక తప్పలేదు.

1998లో లేడీమన్ మరియొక అడుగు వేసినాడు: అసలు ఉన్నది నిర్మాణమే, వస్తువులు కావు. చుట్టరికమున్నది గాని చుట్టములు లేరన్నట్లున్నది ఈ మాట! కాని రెండు ఎలక్ట్రానులను తారుమారు చేసినచో క్వాంటం శాస్త్రమున ఏ కొలతకును తేడా కానరాదు. ఇది ఒకటి, అది వేరొకటి అని గుర్తుపట్టుటకు వానికి సొంత ఆనవాలేదియు లేదు.