ఆర్‌ఎన్ టు బీఎస్‌ఎన్

అమెరికాలో నర్సింగ్‌లో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చదివినవారూ, నాలుగేళ్ల బీఎస్‌ఎన్ (బ్యాచిలర్ ఆఫ్ సైన్స్ ఇన్ నర్సింగ్) పూర్తి చేసినవారూ రాసే లైసెన్సు పరీక్ష ఒక్కటే: ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. చిన్న కోర్సుతో ఉద్యోగంలో చేరిన రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్), కొలువు వదలకుండానే బ్యాచిలర్ డిగ్రీ అందుకునేందుకు ఏర్పడిన దారి ఆర్‌ఎన్ టు బీఎస్‌ఎన్.

పాత క్రెడిట్లు లెక్కలోకి వస్తాయి కాబట్టి చదువు సాధారణంగా ఒకటి రెండేళ్లలో ముగుస్తుంది. పాఠాలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. సెలైన్ ఎక్కించడం ఇక్కడ మళ్లీ నేర్పరు. పరిశోధన, గణాంకాలు, సామాజిక ఆరోగ్యం, నాయకత్వం బోధిస్తారు.

ఈ చదువుకు ఊపునిచ్చిన వాటిలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పరిశోధన ముఖ్యమైనది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2003లో ‘జామా’ వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించారు. బ్యాచిలర్ డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం ఎక్కువైన చోట, శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 5 శాతం తక్కువగా కనిపించింది. కారణం డిగ్రీ ఒక్కటేనని దీనితో తేలిపోదు. అయినా తోసిపుచ్చదగ్గ అంకె కాదు.

2020 నాటికి 80 శాతం నర్సులకు ఈ డిగ్రీ ఉండాలని 2010లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సూచించింది. కొత్తగా లైసెన్సు పొందే నర్సులు పదేళ్లలో డిగ్రీ పూర్తి చేయాలని న్యూయార్క్ రాష్ట్రం 2017లో చట్టమే చేసింది.

తెలుగు రాష్ట్రాల్లో జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) చదివిన నర్సులకు ఇలాంటి మెట్టు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్.

రాత్రి డ్యూటీలు చేస్తూ చదివే నర్సుకు ఫీజులో సాయం, అనువైన షిఫ్టులు ఇవ్వడం ఆసుపత్రుల బాధ్యత.