నడుంనొప్పి మందూ, రాబందులూ

చిక్కడపల్లిలో నడుంనొప్పికని నేను కొనుక్కునే డైక్లోఫెనాక్ మాత్రకీ, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పార్సీగుట్టకీ ఓ సంబంధం ఉంది. ఆ గుట్టకి ఆ పేరు పార్సీల దఖ్మా వల్ల వచ్చింది. చనిపోయినవాళ్ళని రాబందులకి అప్పగించడం వాళ్ళ ఆచారం. మరి ఊళ్ళో రాబందులేవీ?

1990ల్లో దేశమంతా రాబందులు రాలిపోయాయి. 2007 నాటికి తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి మిగిలింది. మొదట పురుగుమందుల్నీ అనుమానించారు. డీడీటీ వల్ల డేగల గుడ్ల పెంకులు పల్చబడ్డ కథ తెలిసిందేగా! అసలు కారణాన్ని 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో పట్టుకుంది. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డుని తింటే రాబందు కిడ్నీలు పాడైపోతాయి. నూరు కళేబరాల్లో ఒక్కదాంట్లో ఉన్నా చాలు. ఒక్కోదాని మీద గుంపులుగా వాలతాయి మరి.

పశువులకి ఆ మందుని 2006లో నిషేధించారు. మనుషుల పేరుతో అమ్మే పెద్ద సీసాలు పశువులకి వెళ్తున్నాయని 2015లో అవీ ఆపారు. ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌ల వంతు 2023లో వచ్చింది. రాబందులకి హాని చెయ్యని మెలాక్సికామ్ మాత్రం 2006 నుంచే తెలుసు.

2013లో బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు కనబడ్డాయి. అదొక్కటే ఊరట.

రైతుని తప్పుపట్టలేం. నొప్పితో ఉన్న ఎద్దుకి సూది వేయించాడంతే. మందూ పనిచేసింది. ఆ ఎద్దుని తినేవాళ్ళ మీద ఎవరూ టెస్ట్ చెయ్యలేదు. "నా మాడ్యూల్లో బగ్ లేదు" అని మనమూ రోజూ అనేది ఇదే కదా?