గడియారం చౌరస్తాల్లో కరిగిపోతున్న పాత మడిగెలు

మహబూబ్‌నగర్, నల్గొండ: పాలమూరు, నల్గొండ పట్టణాలు రెండింటికీ నడిబొడ్డు గడియారం స్తంభమే. ఊరికి కొత్తగా వచ్చినవారికి దారి చెప్పాలన్నా, సభ పెట్టాలన్నా, పెళ్లికి బట్టలో బంగారమో కొనాలన్నా అందరి నోటా ముందు వచ్చేది క్లాక్‌టవర్ పేరే. ఆ స్తంభాల చుట్టూ ఒకనాడు వరుసలు తీరిన మడిగెలు, మిద్దెలు, పెంకుటిళ్లు చాలా వరకు అద్దాల దుకాణాలకు, బహుళ అంతస్తుల వాణిజ్య సముదాయాలకు చోటిచ్చి తప్పుకున్నాయి. అవి ఎప్పటివి, ఎవరు కట్టించారు, వాటిలో ఏ వ్యాపారం సాగిందన్న వివరాలు కాగితంపై ఉన్నది తక్కువ, పెద్దల జ్ఞాపకంలో ఉన్నదే ఎక్కువ. కట్టడం కూలిన తరువాత ఆ జ్ఞాపకానికీ ఆనవాలు ఉండదు.

రైలు చూసిన ఊరు, రోడ్డు చూసిన ఊరు

పాలమూరుకు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890 డిసెంబరు 4న మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది. సికింద్రాబాదు నుంచి గద్వాల వరకు మీటరుగేజి రైలు మార్గం 1916లో పూర్తయింది. ఆ తరువాత ఈ పట్టణ వ్యాపారానికి స్టేషను ఒక కొస, బజారు మరొక కొస అయ్యాయి. బట్టల బేళ్లు, ఇనుప సామాను రైల్లో దిగితే, ఆముదాలు, వేరుశనగ రైలెక్కేవి.

నల్గొండ కథ వేరు. బీబీనగర్ - నడికుడి మార్గం పూర్తయిన 1989 వరకు ఈ జిల్లా కేంద్రానికి రోడ్డే దిక్కు. నిజాం ప్రభుత్వ రైల్వే 1932లో బస్సులు నడపడం మొదలుపెట్టింది మొదలు ఈ ప్రాంతపు పట్టణాలకు బస్సు ఆగే చోటే బజారు అయింది. అయినా రైలు లేదని ఊరు నిద్రపోలేదు. పాత పేరును నిలుపుతూ షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లోనే ఇక్కడి నుంచి 'నీలగిరి పత్రిక'ను వెలువరించారు. రాజభాష ఉర్దూగా ఉన్న రోజుల్లో ఒక చిన్న పట్టణం తెలుగు వారపత్రికను నిలబెట్టిందంటే, చదివే జనం, చందా కట్టే వర్తకులు ఉన్నారనే అర్థం.

ఇక హైదరాబాదు - బెంగళూరు రహదారి జడ్చర్ల మీదుగా, హైదరాబాదు - విజయవాడ రహదారి నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా వెళ్లాయి. రెండు జిల్లా కేంద్రాలూ ఆ ప్రధాన రహదారులకు పక్కనే మిగిలిపోయాయి. దీనివల్ల వ్యాపారానికి జరిగిన నష్టం గురించి ఎన్నో ఏళ్లుగా మాట్లాడుకుంటున్నాం. పాత కట్టడాలు ఇంతకాలం నిలిచి ఉండటానికీ అదే ఒక కారణమై ఉండవచ్చు.

మడిగె అంటే గది మాత్రమే కాదు

నేటి షట్టరు దుకాణానికి, నాటి మడిగెకు తేడా తలుపు దగ్గరే మొదలవుతుంది. మడిగె తలుపు రెక్కలుగా తెరుచుకునేది కాదు. నిలువు చెక్క పలకలను గాడిలో ఒకదాని పక్కన ఒకటి జరిపి, చివరి పలకకు ఇనుప పట్టీ వేసి తాళం బిగించేవారు. పలకలు తారుమారైతే గాడిలో కుదరవు గనుక వాటిపై వరుస అంకెలు వేసుకునేవారు. ఉదయం పలకలు తీసే చప్పుడుతోనే బజారుకు తెల్లవారేది.

ముందు బండల అరుగు, దానిపైన సావుకారు కూర్చునే గద్దె, ముందు ఏటవాలు మూత ఉన్న గల్లాపెట్టె. వెనుక సరుకు గది, ఆ వెనుక లేదా మీద కాపురం. ఇల్లు, అంగడి ఒకే కప్పు కింద ఉండటంతో రాత్రి వేళ కూడా బజారులో మనుషులు మసలేవారు. ఇప్పుడు రాత్రి పది దాటితే షట్టర్లు, కాపలాదారు తప్ప మరెవరూ కనిపించని వీధులు అవే.

గోడలు రాతితో, డంగుసున్నంతో లేచేవి. సున్నాన్ని, ఇసుకను రాతి గానుగలో ఎద్దులతో తిప్పించి మెత్తగా చేసిన మిశ్రమం అది. సిమెంటులా గంటల్లో కాక, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. గోడ మందం ఎక్కువ కనుక పాలమూరు, నల్గొండ ఎండల్లో మధ్యాహ్నం పూట కూడా లోపల చల్లగా ఉండేది. టేకు దూలాలపై దంతెలు పరిచి, ఆ మీద గచ్చు వేస్తే మిద్దె. స్తోమత లేనివారికి గూనపెంకు. ఇటువంటి గోడ పగిలినప్పుడు సిమెంటు పూయడం చాలాచోట్ల జరిగిన పొరపాటు. సిమెంటు పూత లోపలి తేమను బయటకు పోనివ్వదు, గోడ లోలోపలే గుల్లబారుతుంది. ఆ తరువాత 'శిథిలమైంది' అన్న ముద్ర పడటం తేలిక.

రెండు రూపాయలు, ఎన్నో కొలతలు

ఈ మడిగెల్లో లెక్క రాయడం సామాన్య విద్య కాదు. నిజాం రాజ్యపు హాలీ సిక్కా ఒకటి, బ్రిటిష్ ఇండియా కల్దారు రూపాయి మరొకటి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. బయటి రాష్ట్రాల సరుకు తెప్పించే వర్తకుడు చిట్టా ఆవర్జాల్లో రెండింటినీ సరిచూసుకోవాలి. 1948 తరువాత కూడా కొన్నేళ్లు హాలీ చెలామణిలో ఉండి, 1959లో పూర్తిగా రద్దయింది. ఈలోగా 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి, మరుసటి ఏడాది నుంచి సేర్లు, మణుగుల స్థానంలో కిలోలు రాసాగాయి. గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు అంటూ ధాన్యం కొలిచిన చేతులు మూడు నాలుగేళ్లలోనే మొత్తం లెక్కను మళ్లీ నేర్చుకున్నాయి. పెద్దనోట్ల రద్దుతోనే వ్యాపారం తలకిందులైందని వాపోయేవారు ఒకసారి ఆ తరాన్ని తలచుకోవాలి.

పాలమూరు బజారుకు మరొక ప్రత్యేకత వలస. ప్రాజెక్టుల పనులకు దేశమంతా తిరిగిన 'పాలమూరు లేబరు' ఊరు విడిచే ముందు, గుంపు మేస్త్రీ ఇచ్చిన బయానాతో గొంగళ్లు, గిన్నెలు, ఉప్పు పప్పు కొనుక్కున్నది ఇటువంటి దుకాణాల్లోనే. తిరిగి వచ్చి తీర్చిన అప్పులూ అక్కడివే. ఆనకట్టల చరిత్ర రాసినవారు ఆ ఖాతా పుస్తకాలను చూడలేదు. ఇప్పుడు చూద్దామన్నా చెదలు తిన్నవే ఎక్కువ.

కచేరీ తరలితే..

ప్రభుత్వ కార్యాలయాలు కూడా బజారు బతుకులో భాగమే. మహబూబ్‌నగర్ కొత్త సమీకృత కలెక్టరేట్ 2022 డిసెంబరు 4న ప్రారంభమై, కార్యాలయాలు ఊరి అంచుకు తరలాయి. పట్టణం 2025లో నగరపాలక సంస్థ అయింది. ఒకే చోట అన్ని శాఖలు ఉండటం ప్రజలకు సౌకర్యమే, కాదనలేం. అయితే కచేరీ కొలువైన చోట అర్జీలు రాసేవారు, టైపు కేంద్రాలు, జిరాక్స్ దుకాణాలు, టీ కొట్లు ఉంటాయి. ఆఫీసు వెళ్లినంత సులువుగా అవన్నీ దాని వెంట వెళ్లలేవు.

కిరాయిదారుకు దక్కేదేమిటి?

రోడ్డు విస్తరణ మాట వినగానే కలత చెందేది యజమాని కన్నా కిరాయిదారే. స్థలం వదులుకున్న యజమానికి 2012 భవన నిర్మాణ నియమాల ప్రకారం అభివృద్ధి హక్కుల బదిలీ పత్రం, నిర్మాణంలో సడలింపులు వంటి వెసులుబాట్లు ఉన్నాయి. రెండు తరాలుగా అదే మడిగెలో కిరాయికి ఉన్న దర్జీకి, గడియారాల మరమ్మతుదారుకు వాటిలో వాటా లేదు. 2013 భూసేకరణ చట్టం మాత్రం, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే పనిచేస్తూ ప్రధాన జీవనోపాధి కోల్పోయే కౌలుదారు, కిరాయిదారు, చేతివృత్తిదారు కుటుంబాలను కూడా 'బాధిత కుటుంబం' నిర్వచనంలో చేర్చింది. ఆ చట్టం కింద సేకరణ జరిగితేనే ఇది పనికొస్తుంది. యజమానితో ఒప్పందంతో ముగిసిపోతే కిరాయిదారు ఊసే ఉండదు. కిరాయి రసీదులు, ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లులు ఏళ్లవారీగా భద్రపరచుకున్నవారికే మాట్లాడే వీలుంటుంది. నోటిమాట మీద నడిచిన బజారులో ఆ అలవాటు లేకపోవడమే చిక్కు.

కట్టడాల రక్షణ సంగతి ఇంకా పలుచన. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినా, జాబితాకెక్కిన కట్టడాలకే దాని నీడ. హైదరాబాదుకు 1995లోనే వారసత్వ కట్టడాల జాబితా తయారైంది. కోటలకు, గుడులకు దక్కే గుర్తింపు జిల్లా పట్టణాల బజారు మడిగెలకు దక్కడం అరుదు.

పాత దస్తావేజు చదివే తీరు

కట్టడం వయసు తెలుసుకోవాలంటే ఇంట్లోని పాత దస్తావేజే మొదటి ఆధారం. నిజాం కాలపువి ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో ఉంటాయి. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో, ఆజూరు మాసంతో మొదలయ్యేది. కాబట్టి ఆజూరు, దై, బహ్మన్ మాసాల తేదీలకు 590, మిగిలిన మాసాలకు 591 కలిపితే దాదాపుగా ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఉదాహరణకు దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండో ఆంధ్ర మహాసభ జరిగిన 1931 మార్చి, కాగితాల్లో 1340 ఫసలీ. హద్దుల వివరణలో తూర్పున ఫలానా వారి దుకాణం, పడమట ఫలానా సరాయి అని రాసి ఉంటే, కూలిపోయిన పక్క కట్టడం జాడ కూడా అదే కాగితంలో దొరుకుతుంది. ఉర్దూ చదవగల పెద్దలు బజారులో ఉండగానే ఆ దస్తావేజులను తెలుగులో రాయించి, మడిగె ముందుభాగం ఫొటోతో కలిపి జిల్లా గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచితే చాలు. దానికి కావలసింది ఒక పూట సమయం, కొన్ని కాగితాలు.