వయసు దాటిన వాళ్ళ బడి

కిందటేడు సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఇక్కడ మేము కొందరం స్నేహితులం కలిసి మన ఊళ్ళలోని పేద విద్యార్థులకి స్కాలర్‌షిప్పులు ఇస్తుంటాం. పెద్ద సంస్థేమీ కాదు. తలా కొంత వేసుకుని, ఏటా కొంతమందికి కాలేజీ ఫీజులు కడతాం. సాఫ్ట్‌వేరు వాణ్ణి కాబట్టి ఆన్‌లైను దరఖాస్తు తయారుచేసే పని నాకు అప్పగించారు. ఆ దరఖాస్తును లాప్‌టాప్‌లో మా మేనత్తకి చూపించాను. ఆవిడ రిటైరైన టీచరు. డెబ్బై అయిదు దాటినా అక్షరం వదలకుండా చదివే అలవాటు పోలేదు. కళ్ళజోడు సవరించుకుని నిబంధనలన్నీ చదివి, ఒక చోట ఆగింది. "వయస్సు 21 దాటరాదు. చదువులో ఏడాదికి మించి విరామం ఉండరాదు."

"ఒరేయ్, ఇందులో నా పేరు పెట్టి చూడు. ఇప్పటి నన్ను కాదు, 1969లో నన్ను" అంది.

సరదాగా టైపు చేశాను. వయస్సు 21. ఆఖరుగా చదివిన తరగతి అయిదు. బడి మానేసి పదేళ్ళు. బటన్ నొక్కగానే ఎర్ర అక్షరాల్లో వచ్చింది: "మీకు అర్హత లేదు." ఆ మాట నేను రాసిందే.

అత్తయ్య నవ్వింది. "పోనీలేరా, అప్పట్లో మీలాంటి వాళ్ళు లేకపోబట్టి బతికిపోయాను" అంది.

మా అత్తయ్యకి పదహారో ఏట పెళ్ళయింది. పంతొమ్మిదో ఏట పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఎందుకన్నది మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. రెండేళ్ళు వంటింట్లోనే గడిచాయి. అప్పుడు పక్క పట్నంలో ఒక మహిళా సంఘం వాళ్ళు చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళకి రెండేళ్ళలో మెట్రిక్ పరీక్షకి తయారుచేసే తరగతులు నడుపుతున్నారని తెలిసింది. తాతయ్య వద్దన్నారు, మామ్మ పంపించింది. ఆవిడకన్నా చిన్నవాడైన మా నాన్న శనాదివారాలు లెక్కలు చెప్పేవాడు. మెట్రిక్ ప్యాసై, ట్రైనింగు చేసి, ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేరి, 2006లో రిటైరైంది. మా నాన్న ఇంజనీరింగు ఫీజులో సగం ఆవిడ జీతంలోంచే వెళ్ళింది. ఆ లెక్కన నేను ఇవాళ ఈ దేశంలో ఉండటానికి కూడా ఆ రెండేళ్ళ తరగతులే పునాది.

"ఆ తరగతులు ఎవరు పెట్టారత్తా?" అని అడిగాను. "సంఘం వాళ్ళు నడిపేవారు, ఢిల్లీ నుంచి గ్రాంటు వచ్చేది. గోడమీద దుర్గాబాయమ్మ ఫొటో ఉండేది" అంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు నేను విన్నదే. స్వాతంత్ర్య సమర యోధురాలు, ఆంధ్ర మహిళా సభ, అంతే. మిగిలినది తిరిగి వచ్చాక చదివి తెలుసుకున్నాను. చదివిన కొద్దీ నా దరఖాస్తు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఎనిమిదో ఏట పెళ్ళి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఆ రోజుల ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే పెళ్ళి చేసేశారు. పెద్దయ్యాక, ఊహ తెలియని వయసులో జరిగిన ఆ పెళ్ళిని ఆవిడ ఒప్పుకోలేదు, కాపురానికి వెళ్ళలేదు. తండ్రి, తమ్ముడు ఆవిడ పక్షాన నిలబడ్డారు. వందేళ్ళ క్రితం గోదావరి జిల్లాలో ఇది ఎంత సాహసమో మనం ఊహించుకోవలసిందే.

పన్నెండేళ్ళ వయసులో ఇంగ్లీషు చదువుకి నిరసనగా బడి మానేశారు. హిందీ నేర్చుకుని, తనే ఆడపిల్లలకి హిందీ పాఠశాల పెట్టారు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ఘోషా స్త్రీలు ఆయన్ని కలుసుకోవాలని ఈ పిల్ల పట్టుబట్టింది. అయిదు వేల రూపాయల నిధి ఇస్తే ఏర్పాటు చేస్తామన్నారు స్థానిక నాయకులు. దేవదాసీలే ఆ డబ్బు పోగుచేశారు. కొద్ది నిమిషాలు మాత్రమే అనుకున్న సభలో గాంధీగారు చాలాసేపు మాట్లాడారు, స్త్రీలు ఒంటిమీద నగలు తీసి ఇచ్చారు.

1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల ముచ్చట చాలామందికి తెలిసిందే. ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా ఉన్న దుర్గాబాయి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేశారు. టిక్కెట్టు కొన్నాకే ఆయన్ని లోపలికి వెళ్ళనిచ్చారు. మనం ఈ కథ చెప్పుకుని మెచ్చుకుని అక్కడితో ఆగిపోతాం. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది.

జైలు నేర్పిన పాఠం

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, 1930 నుంచి 1933 లోపల, దుర్గాబాయి మూడుసార్లు జైలుకి వెళ్ళారు. వెల్లూరు, మధురై జైళ్ళలో ఉన్నారు. మధురైలో ఏడాదిపాటు ఒంటరి ఖైదు. జైల్లో ఆవిడకి తారసపడిన స్త్రీ ఖైదీలలో చాలామందికి చదువు రాదు, తమ మీద మోపిన నేరమేమిటో కూడా సరిగా తెలియదు. చట్టం తెలిసినవాళ్ళు ఒక్కరు పక్కనుంటే కొందరు అసలు లోపలికే వచ్చేవారు కాదు. అక్కడే ఆవిడ లాయరు కావాలని నిర్ణయించుకున్నారు.

ఇక్కడ ఒక్కసారి ఆగి లెక్క చూద్దాం. 1933 నాటికి ఆవిడకి దాదాపు 24 ఏళ్ళు. చేతిలో మెట్రిక్ కూడా లేదు. బడి మానేసి పుష్కరం దాటింది. మామూలు స్కూలు చేర్చుకోదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మాత్రం ప్రైవేటుగా మెట్రిక్ పరీక్ష రాయనిచ్చేది. ఆవిడ ఆ దారి పట్టుకున్నారు. తర్వాత రాజనీతి శాస్త్రంలో ఆనర్స్ చదవడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, ఆడపిల్లలకి హాస్టలు లేదు కాబట్టి సీటు ఇవ్వలేమన్నారు. దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేసి, చదువుకోవాలని ఉండి హాస్టలు లేక ఆగిపోయిన అమ్మాయిల్ని కూడగట్టి, తామే హాస్టలు నడుపుకున్నారు. చివరికి మద్రాసులో 1942లో లా పట్టా పుచ్చుకునేసరికి ముప్పై రెండేళ్ళు దాటాయి.

మా దరఖాస్తు ప్రకారమైతే ఈవిడకి కూడా "మీకు అర్హత లేదు" అనే వచ్చేది.

మైలాపూరులో మొదలు

తను ఒడ్డెక్కగానే దారి మరిచిపోవడం లోకసహజం. దుర్గాబాయి తను ఎక్కిన మెట్లని ఇంకొకరికి అప్పగించారు, అదీ తన చదువు ఇంకా పూర్తి కాకుండానే. 1937లో మద్రాసు మైలాపూరులో ఇంటి చుట్టుపక్కల పిల్లలతో చిన్న బాలికా సంఘంగా మొదలైనది ఆంధ్ర మహిళా సభగా ఎదిగింది. అందులో ముఖ్యమైన పని, వయసు మీరిన వాళ్ళనీ, వితంతువుల్నీ, భర్తలు వదిలేసిన వాళ్ళనీ చేర్చుకుని, తను రాసిన ఆ బనారస్ మెట్రిక్ పరీక్షకే తయారుచేయడం. ఏళ్ళ తరబడి సాగే చదువుని కుదించి రెండేళ్ళలో చెప్పేవారు. పెద్దవాళ్ళకి లోకజ్ఞానం ఉంటుంది, పట్టుదల ఉంటుంది, చిన్నపిల్లల్లా ఒక్కో మెట్టూ ఎక్కనక్కర్లేదన్నది అందులోని నమ్మకం. చదువుతోపాటు కుట్టుపని, చేతిపనులు, ఉండటానికి వసతి. తర్వాత నర్సింగ్ హోము, నర్సుల శిక్షణ, పోలియో పిల్లలకి చికిత్స, హైదరాబాదులో కాలేజీ, ఆస్పత్రి, అక్షరాస్యతా కార్యక్రమాలు, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

మనకి ఇంకొక ఆసక్తికరమైన సంగతి ఉంది. ఆంధ్ర మహిళా సభ పుట్టింది తమిళులు ఎక్కువగా ఉన్న మద్రాసు నగరంలో. 1948లో ఢిల్లీలోని తెలుగు పిల్లల కోసం ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టినదీ ఆవిడే. ఎక్కడ బతుకుతుంటే అక్కడే తెలుగువాళ్ళని కూడగట్టి పనిలోకి దింపడం ఆవిడ పద్ధతి. ప్రవాస సంఘాలు నడుపుకునే మనకి ఇది బాగా అర్థమవుతుంది.

మైలాపూరు నుంచి దేశమంతటికీ

1946లో దుర్గాబాయి రాజ్యాంగ సభకి ఎన్నికయ్యారు. ఆ సభలో ఉన్న మహిళలు 15 మంది. అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆవిడ. ఇప్పటి రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 అని ప్రతిపాదన వస్తే, దాన్ని 30కి తగ్గించాలని 1949లో సవరణ తెచ్చారు. అది నెగ్గింది, ఇప్పటికీ అదే అమల్లో ఉంది. వయసు నిబంధన చూస్తే ప్రశ్నించకుండా ఉండలేని మనిషి అన్నమాట!

1952 ఎన్నికల్లో ఓడిపోయారు. అయితే అదే సంవత్సరం ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహం చేసుకున్నారు. ఆ సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, ఆవిడే మొదటి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకి సాయం చేయడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించారు. పనంతా ప్రభుత్వ ఉద్యోగులే చేయక్కర్లేదు, ఊళ్ళో అప్పటికే పనిచేస్తున్న సంఘాలకి చేయూతనిస్తే చాలునన్నది ఆలోచన. మైలాపూరులో డబ్బుకోసం ఇంటింటికీ తిరిగిన మనిషికే ఆ ఆలోచన రాగలదు.

1954లో పల్లెల్లో సంక్షేమ కేంద్రాలు మొదలుపెట్టారు. బాలవాడి, ప్రసూతి సాయం, చేతిపనులు, వయోజన విద్య. వాటిని నడపడానికి గ్రామసేవికలు, మంత్రసానులు, టీచర్లు కావాలి. తీరా చూస్తే కనీస చదువున్న ఆడవాళ్ళు పల్లెల్లో దొరకలేదు. పట్నంలో చదువుకున్నవాళ్ళు పల్లెకి వచ్చి ఉండరు. పల్లెలో ఉన్నవాళ్ళకి నాలుగో తరగతో, అయిదో తరగతో తప్ప చదువు లేదు. ఎవరైనా ఏం చేస్తారు? అర్హులు దొరకలేదని ఖాళీలు అలాగే ఉంచుతారు. దుర్గాబాయి మాత్రం మైలాపూరు తరగతుల్ని దేశం మొత్తానికి విస్తరింపజేశారు. 1958లో వయోజన మహిళలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. బోర్డు గ్రాంటు ఇచ్చేది, ఊళ్ళో సంఘం నడిపేది. సాయం పొందవలసిన స్త్రీయే రెండేళ్ళలో సాయం చేసే టీచరో, నర్సో, సేవికో అయ్యేది.

మా వృత్తి భాషలో చెప్పాలంటే, ఒక చోట నడిచిన ప్రోగ్రామునే మార్చకుండా వెయ్యి చోట్ల పెట్టారు. అలా పెట్టిన చోట్లలో ఒకటి మా పక్క పట్నం. అక్కడ బెంచీ మీద కూర్చున్న వాళ్ళలో ఒకావిడ మా అత్తయ్య.

ఆ తర్వాత మహిళా విద్యపై జాతీయ కమిటీకి అధ్యక్షత, 1968లో ఆవిడ సారథ్యంలో ప్రణాళికా సంఘం తరఫున వెలువడిన భారత సాంఘిక సేవా విజ్ఞాన సర్వస్వం, 1975లో పద్మవిభూషణ్, ఇవన్నీ ఉన్నాయి. అదే ఏడాది భర్తకీ పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. ఇవాళ ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషనుకి ఆవిడ పేరుంది.

మన దరఖాస్తులు

సాంఘిక సేవ అనగానే మనలో చాలామందికి అన్నదానం, దుప్పట్ల పంపిణీ, ఫస్టు ర్యాంకు వచ్చిన పిల్లలకి చెక్కు ఇస్తూ ఫొటో గుర్తొస్తాయి. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, నేనూ ఆ ఫొటోల్లో ఉన్నాను. కానీ మనం ఇచ్చే సాయం ఎవరికి వెళుతోందో చూడండి. తొంభై అయిదు శాతం మార్కులు, చదువులో విరామం లేదు, వయసు దాటలేదు. అంటే అప్పటికే పరుగెత్తుతున్నవాళ్ళకి మంచినీళ్ళు అందిస్తున్నాం. దారిలో కూలబడిపోయిన వాళ్ళని మన ఫారమే వడపోసి తీసేస్తోంది. పెళ్ళి చేసేస్తే చదువాగిపోయిన అమ్మాయి, భర్త పోయిన ఇల్లాలు, తండ్రి అప్పుల పాలైతే పత్తిచేలో పనికెళ్ళిన కుర్రాడు, వీళ్ళ రికార్డులో విరామం ఉండక ఏం చేస్తుంది? విరామమే కదా వాళ్ళ కష్టం!

మేమేమీ చెడ్డ ఉద్దేశంతో ఆ నిబంధన పెట్టలేదు. దరఖాస్తులు ఎక్కువొస్తే తగ్గించుకోవడానికి సులువుగా కనిపించింది పెట్టాం. మనుషుల్ని బయట పెట్టే గోడలు చాలావరకు ఇలాగే, ఎవరికీ దురుద్దేశం లేకుండానే లేస్తాయనుకుంటాను.

తిరిగి వచ్చాక మిత్రులతో మాట్లాడాను. వాదన జరిగింది. ముప్పై ఏళ్ళావిడకి ఫీజు కడితే మధ్యలో మానేస్తే ఎలా అన్నారు ఒకరు. పద్దెనిమిదేళ్ళ వాడు మానేయడా అన్నాను. చివరికి ఈ ఏటి నుంచి కొన్ని స్కాలర్‌షిప్పులు చదువు ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టే స్త్రీలకే ఉంచాలని ఒప్పుకున్నారు. ఓపెన్ స్కూలు పరీక్ష ఫీజు కావచ్చు, నర్సింగు శిక్షణ కావచ్చు. పిల్లల్ని చూసుకునే మనిషికి ఇచ్చే డబ్బు కూడా అందులో కలుపుతున్నాం. అది అత్తయ్య సలహా. ఆవిడతోపాటు తరగతిలో చేరి మధ్యలో మానేసిన వాళ్ళలో ఎక్కువమంది చంటిపిల్లల తల్లులేనట.

ఈ సభలకి వచ్చిన మీలో ఎందరో ఊరికి బడి కట్టించారు, ఫీజులు కడుతున్నారు. ఒక్క చిన్న మనవి. మీ సంస్థ దరఖాస్తు ఫారం ఒకసారి బయటికి తీసి, అందులో మీ ఇంట్లో కష్టపడి పైకొచ్చిన ఒక అత్తయ్యదో పిన్నిదో పేరు రాసి చూడండి. ఎర్ర అక్షరాలు వస్తే, తప్పు ఆవిడది కాదు.

నేను నా ప్రోగ్రాములో ఆ నిబంధన తీసేశాను. మొత్తం ఆరు లైన్లు. అత్తయ్యకి ఫోన్ చేసి చెప్తే, "ఇప్పుడు నా పేరు మళ్ళీ పెట్టి చూడు" అంది. పెట్టాను. దరఖాస్తు తీసుకుంది.