సంస్థానం వేసిన చిన్న రైలు

మా పాతపట్నంలో నిలబడి పర్లాకిమిడిని పరాయి రాష్ట్రమంటే నవ్వుతారు. నడుమ మహేంద్రతనయ ఒక్కటే అడ్డం. మా పెళ్లిబట్టలూ అక్కడే, వియ్యాలూ అక్కడే. రెండూళ్లనీ కలిపిన రైలు ఆ సరిహద్దు కంటే పెద్దది.

మద్రాసు–కలకత్తా దారి నౌపడా మీదుగా పోవడంతో పర్లాకిమిడి 40 కిలోమీటర్లు లోపల ఉండిపోయింది. సంస్థానం సొంత లైనుకి పూనుకుంది. 1898లో అనుమతి దొరికింది, ఏడు లక్షల రూపాయలు ఖర్చయింది, 1900 ఏప్రిల్ 1న బండి కదిలింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. మొదటి పదేళ్లూ నష్టాలే. లాభాలు కళ్లబడ్డాక 1929లో కొంత, 1931లో కొంత పొడిగించి గుణుపురం చేర్చారు. అక్కడ చుట్టూ సవర కొండలు.

అరకు మీదుగా పోయే కిరండూల్ లైను 1960లలో బైలదిల్లా ఇనుపఖనిజాన్ని జపానుకి పంపడానికి పుట్టింది. మాది రాజుగారి దర్జాకి పుట్టి సంతజనం చేతికొచ్చిన రైలు. మా అమ్మమ్మ చింతపండూ, కొండచీపుర్లూ బేరమాడింది ఆ పెట్టెల్లోనే.

సరిగ్గా లైను పుట్టినరోజునే, 1936 ఏప్రిల్ 1న, ఒడిశా ఏర్పడింది. పర్లాకిమిడి, గుణుపురం అటు పోయాయి. టెక్కలి, పాతపట్నం మద్రాసులో మిగిలాయి. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి, దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి ఆ విభజన ఓర్వలేక రాజమండ్రికి తరలిపోయారు. రైలు మాత్రం రెండు వైపులా జనాన్ని ఎక్కించుకుంటూనే ఉంది.

2004 జూన్ 9తో చిన్న రైలు ఆగింది. పెద్ద లైను 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి వచ్చింది. పాత బండి పోయిందని నేను కంటతడి పెట్టను. ఇప్పుడు గుణుపురం రోగి నౌపడాలో దిగి బండి మారకుండా విశాఖ చేరుతున్నాడు. నా ఫిర్యాదు మధ్యలో పోయిన ఏళ్ల గురించే. వంతెనలు మార్చాలి, కట్టలు వెడల్పు చేయాలి, నిజమే. అయినా ఏమీ లేని నేల మీద ఆ 40 కిలోమీటర్లూ వేయడానికి ఒక సంస్థానానికి రెండేళ్లు పడితే, ఉన్న దారినే వెడల్పు చేయడానికి మనకి ఆరేళ్లు పట్టింది.